నిబ్బరం పట్టీ

పట్టీ మీద పచ్చ దీపం నిలకడగా వెలుగుతోంది. తవిటినాయుడి గుండె తన మానాన తాను కొట్టుకుంటోంది. అరచేతుల్లో చెమట లేదు, ఊపిరి తీరుబడిగా వచ్చి పోతోంది. పక్కన కూర్చున్న అతని భార్య నూకరత్నం మణికట్టు మీద పట్టీ కూడా అంతే పచ్చగా ఉంది. వాళ్ళ ఎదుట కూర్చున్న హైమావతి మాత్రం, మీకు ఇకముందు పుట్టే బిడ్డ బతక్కపోవచ్చు అనే సంగతి చెప్పడం అప్పుడే మొదలుపెట్టింది.

గాజు తలుపు అవతల ప్రొఫెసర్ జగన్నాథ పట్నాయక్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన చూపు హైమ మీద లేదు, ఆ దంపతుల మీదా లేదు. ఆ రెండు దీపాల మీదే ఉంది. అది బి.ఎస్సీ. హ్యూమన్ జెనెటిక్స్ ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్ష.

ఇదేం ప్రాక్టికల్, మైక్రోస్కోపు ఏది, టెస్ట్ ట్యూబులు ఏవి అని మీరు అడగొచ్చు. ఒకప్పుడు అవన్నీ ఉండేవట. విజయనగరంలోని ఆ కాలేజీలో పాత మైక్రోస్కోపులు ఇప్పటికీ ఒక అద్దాల బీరువాలో ఉన్నాయి, ఏటా ఆయుధ పూజకి బయటికి తీసి బొట్టు పెడతారు. వాటి పని గాలికి పోయింది చదువరి వచ్చాకే.

చదువరి అంటే రైస్ కుక్కర్ అంత యంత్రం. దానిలో కాస్త ఉమ్మి వేస్తే, చేతిలో టీ చల్లారేలోగా మనిషి జన్యువులన్నీ చదివేస్తుంది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ మూడు వందల కోట్ల అక్షరాల పుస్తకం ఒకటి ఉంటుంది. దానికి రెండు ప్రతులు. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఒక ప్రతిలో ఎక్కడైనా అచ్చుతప్పు పడితే ఒళ్ళు రెండో ప్రతి చూసుకుని పని నడిపించేస్తుంది. రెండింటిలోనూ ఒకే చోట ఒకే తప్పు పడినప్పుడే అసలు చిక్కు. చదువరి ఈ తప్పులన్నీ పట్టుకుంటుంది. కానీ పట్టుకోవడం వేరు, దిద్దడం వేరు. కొన్ని తప్పులు దిద్దడం నేర్చారు గానీ చాలావాటికి మందు ఇంకా ఎవరి చేతికీ రాలేదు.

మొదట్లో చదువరి తాను చదివిందంతా నేరుగా మనుషుల ఫోన్లకి పంపించేసేది. ఆ రోజుల్లో ఒకాయన బస్సులో నిలబడి తన ఫలితం చదువుకుని, తన ఊరు రాకముందే దిగిపోయాడు. ఇంటికి మాత్రం చేరలేదు. అలాంటివి చాలా జరిగాయి. దాంతో ప్రభుత్వం మేలుకుని చట్టం చేసింది. చెడ్డ ఫలితం ఏదైనా సరే ఎదురుగా కూర్చున్న మనిషే చెప్పాలి, ఆ మనిషికి హ్యూమన్ జెనెటిక్స్ డిగ్రీ ఉండాలి. చదువుకునే పిల్లలు మాత్రం మాస్టారి కళ్ళ ముందు చెప్పొచ్చు. అలా చెప్పేవాళ్ళకి నివేదకులు అని పేరు పెట్టింది.

ఇక కాలేజీలో జన్యువుల పాఠం ఒక్క సెమిస్టర్‌కి కుదించుకుపోయింది. మిగతా చదువంతా చెప్పడమే. ఎలా కూర్చోవాలి, ఎక్కడ ఆగాలి, ఏ మాట ముందు, ఏ మాట వెనక, గొంతు ఎక్కడ దించాలి. జెనెటిక్స్ చదవాలని వచ్చిన పిల్లలు మూడేళ్ళు అద్దం ముందు కూర్చుని సానుభూతి ప్రాక్టీస్ చేశారు. వింటే నవ్వొస్తుంది గానీ, ఆ అద్దాల ముందు నిజంగా కళ్ళనీళ్ళు పెట్టుకున్న పిల్లలు కూడా ఉన్నారు.

మరి మార్కులు ఎలా వెయ్యాలి? బాగా చెప్పారో లేదో తేల్చేది ఎవరు? మొదట్లో మాస్టార్లే వేసేవాళ్ళు. కావలసినవాళ్ళకి ఒకలా, కానివాళ్ళకి ఒకలా వేస్తున్నారని పిల్లలు గేటు ముందు టెంట్ వేసి ధర్నాకి కూర్చున్నారు. మనిషి చెయ్యి తగలని మార్కులు కావాలన్నది వాళ్ళ డిమాండ్. అప్పుడు పట్నాయక్ మాస్టారు కనిపెట్టిందే ఈ నిబ్బరం పట్టీ. వినేవాళ్ళ చేతికి కడితే వాళ్ళ నాడి, చెమట, ఊపిరి చూసి, మనిషి నిబ్బరంగా ఉంటే పచ్చ, కంగారుపడితే పసుపు, గుండె చెదిరితే ఎరుపు చూపిస్తుంది. పచ్చగా ఎంతసేపు ఉంటే అన్ని మార్కులు. ఇందులో మొహమాటం లేదు, సిఫారసు లేదు. పిల్లలు టెంట్ ఎత్తేసి మాస్టారికి దండ వేశారు.

ఆ పట్టీ మీద హైమకి ఉన్నంత నమ్మకం మాస్టారికి కూడా లేదేమో. దానికి కారణం ఆమె తమ్ముడు. వాడు ఏడాది పిల్లాడిగా ఉన్నప్పుడు ఏదో జన్యు జబ్బని పెద్దాసుపత్రిలో తేలింది. ఆ మాట వాళ్ళమ్మకి ఒక డాక్టరు లిఫ్ట్‌లో చెప్పాడు. "ఇది బతికే కేసు కాదమ్మా" అన్నాడు. తలుపు తెరుచుకోగానే తన దారిన తాను వెళ్ళిపోయాడు. అమ్మ ఆ లిఫ్ట్‌లోనే ఉండిపోయి పైకీ కిందకీ తిరిగింది, ఎవరో చూసి దింపేదాకా. తమ్ముడు పోయిన బాధ అమ్మకి ఎప్పటికో తగ్గింది గానీ, ఆ మాట తగిలిన దెబ్బ తగ్గలేదని హైమ నమ్మకం. లోకంలో ఏ తల్లికీ మళ్ళీ అలా చెప్పకూడదని ఆమె ఈ చదువుకి వచ్చింది. మూడేళ్ళలో ఆమె ఎదుట కూర్చున్నవాళ్ళ పట్టీ ఒక్కసారి కూడా ఎర్రబడలేదు.

ఇప్పుడు పరీక్ష గదిలో కూర్చున్న దంపతులు బొబ్బిలి అవతల ఒక పల్లె నుంచి వచ్చారు. నూకరత్నం తవిటినాయుడికి సొంత అక్క కూతురు. ఒకే ఇంటి రక్తం కాబట్టి ఒకే అచ్చుతప్పు ఇద్దరి పుస్తకాల్లోనూ ఒక్కో ప్రతిలో ఉంది. తొలిచూలు కొడుకు ఏడాదిన్నరకే పోయాడు. ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నారు. పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు అదే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. మందు లేదు. కడుపుతో ఉన్న తొలి నెలల్లో ఒక పరీక్ష చేయించుకుంటే మాత్రం ముందే తెలుస్తుంది, ఆ కడుపు ఉంచుకోవాలో వద్దో వాళ్ళు తేల్చుకోవచ్చు. ఆ సంగతి ఇవాళ ఈ గదిలోనే వాళ్ళకి ఎక్కాలి.

"నాయుడు గారూ, మీ ఇద్దరి ఒంట్లోనూ ఒకే చోట ఒక చిన్న తేడా ఉందండి. దానివల్ల మీకు ఏ ఇబ్బందీ లేదు, ఇకముందు కూడా ఉండదు" అంది హైమ.

"నాకేటమ్మా, బస్తా ఒక్కణ్ణే ఎత్తి లారీలో ఏసెత్తాను" అన్నాడు తవిటినాయుడు. దీపం పచ్చగా ఉంది.

నూకరత్నం మెల్లగా అడిగింది. "మరి మా గుంటడికి ఏటయినట్టు? మెడ నిలిపీవోడు, నవ్వీవోడు, బోర్లా పడీవోడు. ఆనక ఒక్కొక్కటీ మర్సిపోయినాడు."

ఆమె పట్టీ పసుపుకి తిరిగింది. హైమ ఆగింది. కాస్త ముందుకు వంగి, గొంతు ఒక మెట్టు దించింది.

"ఆ తేడా బాబుకి మీ ఇద్దరి నుంచీ వచ్చిందండి. అందులో మీ తప్పు ఏమీ లేదు. అలా ప్రతిసారీ జరగదు. నాలుగింట మూడు వంతులు జరగనే జరగదు."

నాలుగింట ఒక వంతు జరుగుతుంది అనడానికీ దీనికీ లెక్కలో తేడా లేదు. దీపం మళ్ళీ పచ్చబడింది.

"మా యమ్మకి కూడా నాకు ముందు ముగ్గురు పోయినారమ్మా" అన్నాడు తవిటినాయుడు. "నాను పుట్టగానే చేటలో ఏసి పక్కింటోళ్ళకి తవుటికి అమ్మీసింది. ఆనక తన బిడ్డని తనే కొనుక్కుంది. అలగ దక్కినాను. అందుకే ఈ పేరు."

వినేవాళ్ళ ఇంట్లోంచే మాట తీసుకుని వాళ్ళకి ధైర్యం చెప్పాలన్నది హైమ రెండో సంవత్సరంలో చదివిన పాఠం. అందులో ఆమెకి నూటికి నూరు వచ్చాయి.

"చూశారా, మీ అమ్మగారు ఎంత ధైర్యంగా నిలబడ్డారో! మీకూ ఆ ధైర్యమే కావాలండి" అంది.

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు ఏమిటో హైమకి అప్పుడు అర్థం కాలేదు. రెండు దీపాలూ బాగా వెలిగాయి, అది మాత్రం చూసింది. ఇక మిగిలింది కడుపులో బిడ్డకి చేసే పరీక్ష సంగతి.

"మళ్ళీ నెల తప్పినప్పుడు, మూడో నెలలో ఒకసారి ఇక్కడికి వస్తే చిన్న పరీక్ష ఉంటుంది. బిడ్డ ఎలా ఉందో ముందే తెలుసుకోవచ్చు."

"తెలిత్తే ఏటి సేత్తారు?" అంది నూకరత్నం. "మందిత్తారా?"

ఆమె పట్టీ మళ్ళీ పసుపైంది. ఈసారి అంచుల్లో ఎరుపు జీర కూడా పాకింది. లేదండి, మందు లేదు, ఆ కడుపు ఉంచుకోవాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి. ఆ వాక్యం హైమ నాలుక చివరే ఉంది. గాజు తలుపు అవతల మాస్టారు ఒక అడుగు ముందుకు వేశాడు. నూకరత్నం కళ్ళల్లో హైమకి వాళ్ళమ్మ కనపడింది.

"అది మీరిద్దరూ కూర్చుని నెమ్మదిగా ఆలోచించుకోవలసిన విషయమండి. ఏ నిర్ణయమైనా మీదే. తొందరేం లేదు, మేమున్నాం కదా" అంది.

పచ్చ దీపం. చెప్పవలసినవన్నీ చెప్పినట్టే. ఒక్క అబద్ధం ఆడలేదు. పరీక్ష అయిపోయింది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో సన్యాసిరావు ఇడ్లీ ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు. అతను హైమ కన్నా ముందు బ్యాచ్ వాడు, తప్పుతూ వచ్చి ఆమె క్లాసులో పడ్డాడు. ఈ ప్రాక్టికల్ మూడోసారి తప్పాడు. పొద్దున అతనికి కూడా ఇలాంటి దంపతులే వచ్చారు. అతను వాళ్ళతో, ఈసారి బిడ్డకి కూడా ఇదే రావొచ్చు, వస్తే మందు లేదు, పరీక్ష చేయించుకోకపోతే మళ్ళీ ఆ చావు చూడాల్సి రావొచ్చు అని ముఖం మీదే చెప్పేశాడు. ఆవిడ గుండెలు బాదుకుంది. రెండు పట్టీలూ ఎర్రగా మండిపోయాయి.

"నీకు ఎన్నిసార్లు చెప్పాను రా, మెల్లగా చెప్పమని" అంది హైమ.

"మెల్లగానే మొదలెట్టినానే. మాట రాదు నాకు అలగ. హైమా, ఒకటడుగుతాను. ఆవిడ ఏడుస్తూనే ఏ నెల్లో రావాలి, ఎవర్ని కలవాలి, నా సెల్లెలు కూడా సూపించుకోవాలా అని అన్నీ అడిగింది. మీవోళ్ళు ఏటడిగినారు?"

హైమ గుర్తు చేసుకుంది. గది బయటికి వెళ్తూ నూకరత్నం ఆమె గడ్డం పట్టుకుని, నీకు పెళ్ళయిందా పాపా అని అడిగింది. ఇంకేమీ అడగలేదు. హైమ చేతిలో గ్లాసు కింద పెట్టేసి మాస్టారి గదికి నడిచింది.

పట్నాయక్ మాస్టారు చెడ్డవాడు కాదు. పిల్లలంటే ప్రాణం. హైమని చూడగానే లేచి నిలబడి చేయి కలిపాడు.

"యూనివర్సిటీ ఫస్ట్ నువ్వేనమ్మా. పసుపుని ఇంత తొందరగా పచ్చకి తిప్పినవాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు."

"సార్, వాళ్ళకి అర్థం కాలేదేమోనని భయంగా ఉంది."

"కంగారుపడ్డారా?"

"లేదు సార్. కంగారుపడవలసిన విషయమే కదా అని నా భయం."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాడి కొలవడం నాకు తెలుసు. చెమట కొలవడం తెలుసు. అర్థమవడం అనేది ఒంట్లో ఎక్కడ జరుగుతుందో నాకు తెలియదమ్మా. తెలిస్తే దానికీ ఒక పట్టీ చేసేవాణ్ణి. ఈ పట్టీ లేని రోజుల్లో మన గదుల్లోంచి బయటికి వెళ్ళి ప్రాణం తీసుకున్నవాళ్ళున్నారు. పట్టీ వచ్చాక ఒక్కరు కూడా లేరు. దాన్ని తక్కువ చెయ్యకు."

"వాళ్ళని పిలిచి ఇంకోసారి చెప్పనా సార్?"

"వాళ్ళంతట వాళ్ళు అడిగితే చెప్పొచ్చు. అడక్కుండా చెడ్డ ఫలితం రెండోసారి చెబితే చట్ట ప్రకారం వేధింపు. నీ ప్రాక్టికల్ రద్దయిపోతుంది, పట్టా కూడా రాదు. నువ్వు చెప్పవలసింది చెప్పావు. ఇక వదిలెయ్."

హైమ వదిలేసింది. వదిలెయ్యమని పెద్దవాళ్ళు చెప్పినప్పుడు వదిలెయ్యడం ఎంత హాయో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. గోల్డ్ మెడల్ వచ్చింది. జిల్లా నివేదన కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. ఆమె చేత చెప్పించుకుంటే బాధ తెలియదట అని ఊళ్ళలో పేరు పాకింది. మిగతా గదులు ఖాళీగా ఉన్నా జనం హైమ గది ముందే వరస కట్టేవాళ్ళు. సన్యాసిరావు చదువు మానేసి బొబ్బిలి రోడ్డులో బళ్ళ ఛార్జింగ్ స్టేషన్‌లో పనికి కుదిరాడు.

మరుసటి ఏడాది వానలు మొదలయ్యాక ఒక రోజు హైమకి ఫోన్ వచ్చింది.

"పాపా, నాను, తవిటినాయుణ్ణి. మీ నోటి సలవ, మా రత్నం నీళ్ళోసుకుంది. నాలుగో నెల జరుగుతంది."

"మూడో నెలలో పరీక్షకి రమ్మన్నాను కదండీ?"

"దేనికమ్మా? బాగుంటాదని మీరు సెప్పినారు గదేటి. తొందర లేదన్నారు కూడా."

మర్నాడు ఆమె సెలవు పెట్టి బొబ్బిలి బస్సెక్కింది. ఆ నెల దాటితే కడుపు తీయించుకునే వీలుండదు, పరీక్ష చేసినా ప్రయోజనం లేదు. చట్టం సంగతి ఆమెకి గుర్తుంది, ఉద్యోగం పోతుందనీ తెలుసు. పోతే పోయిందనుకుంది. కానీ తన గొంతు మీద ఆమెకి నమ్మకం పోయింది. దారిలో దిగి సన్యాసిరావుని వెంటబెట్టుకుంది.

"నాకు పట్టా లేదు, నోరిప్పితే జైలే" అన్నాడు సన్యాసిరావు.

"నేనే చెప్తాను. నేను మెత్తబడితే నన్ను గిల్లు, చాలు."

ఊరు చేరేదాకా ఆ ఒక్క వాక్యమే వల్లె వేసింది. ఈ బిడ్డ కూడా చచ్చిపోవచ్చు. సన్యాసిరావు పక్క సీట్లోంచి, గట్టిగా, ఇంకా గట్టిగా అని చెబుతూనే ఉన్నాడు. ముందు సీటు ముసలమ్మ వెనక్కి తిరిగి చూసి, పిల్లకి గాలి సోకిందనుకుని కాస్త పక్కకి జరిగింది.

నూకరత్నం వాళ్ళని చూసి పొంగిపోయింది. కాళ్ళకి నీళ్ళిచ్చి, చాప వేసి, అన్నం తింటే గాని మాట్లాడనివ్వనంది. గోడవార ఒక కొత్త చేట ఆనించి ఉంది. దాని నిండా తవుడు.

"పక్కింటోళ్ళకి సెప్పీసినాం పాపా" అంది నూకరత్నం సిగ్గుపడుతూ. "పుట్టగానే దీనికే అమ్మీడానికి. మీరే కదేటి, మా అత్తకున్న దైర్యం మాకూ కావాలన్నారు. ఆ మాటతోటే మాకు దారి దొరికింది."

హైమ ముద్ద కంచంలోనే వదిలేసింది. పరీక్ష గదిలో వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్న చూపు ఇప్పుడు అర్థమైంది. చేయి కడుక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. వెన్ను దానంతట అదే నిటారుగా అయింది, తల కొద్దిగా పక్కకి వాలింది, మూడేళ్ళ అలవాటు.

"నూకరత్నం గారూ, ఈ బిడ్డ కూడా... దక్కకపోవచ్చండి."

చచ్చిపోవచ్చు అనే మాట నోట్లోనే ఎక్కడో దారి తప్పింది. సన్యాసిరావు గిల్లాడు. హైమ మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే గొంతు, అదే విరుపు, చివర అదే జాలి. నూకరత్నం ఆమె చేతి మీద చేయి వేసి, "అలాటి బయాలు ఎవులికైనా ఉంటాయి పాపా. నువ్వు మాటాడతంటే ఎంత సల్లగుందో" అంది.

అప్పుడు సన్యాసిరావు లేచాడు. తలుపు దగ్గర నిలబడి చెప్పాల్సింది చెప్పేశాడు.

"అమ్మా, మీ మొదటి బిడ్డకొచ్చినదే దీనికీ వచ్చుండొచ్చు. వచ్చుంటే రెండేళ్ళు బతకదు. మందు లేదు. తవుటికి అమ్మినా, బంగారానికి అమ్మినా బతకదు. ఈ నెల్లో పరీక్ష సేయించుకుంటే తెలుస్తాది. జబ్బుంటే కడుపు ఉంచుకోవాలో తీయించుకోవాలో మీరు సూసుకోవాలి. ఈ నెల దాటితే ఏటీ లేదు."

తవిటినాయుడు చాప మీద నుంచి ఒక్క ఉదుటున లేచి అతని చొక్కా పట్టుకున్నాడు. "ఎవుడ్రా నువ్వు? నీకు పట్టా ఉందా?"

"లేదు. మూడుసార్లు తప్పినాను."

"తప్పినోడివి! మెడల్ వొచ్చిన పాప ఒకలాగ సెప్తంటే, కడుపుతో ఉన్నదాని ముందర సావు మాటలు మాటాడతావా?"

కానీ నూకరత్నం మొహంలో రంగు పోయింది. రెండు చేతులూ కడుపు మీదికి వెళ్ళాయి. మొదటిసారి ఆమెకి ఆ సంగతి తగిలింది. మొగుడి మాట వినిపించుకోకుండా హైమ వైపు తిరిగింది.

"పాపా, నువ్వు సెప్పు. ఈయన సెప్పింది అబద్దమే కదా?"

హైమ కావాలనుకున్నది ఇదే, ఇందుకే ఇంత దూరం వచ్చింది. ఇప్పుడు ఆ భయాన్ని అలాగే ఉండనిస్తే చాలు. అది ఆ తల్లిని లేపి బస్సెక్కించి పరీక్ష దాకా తీసుకొస్తుంది. హైమకి అది స్పష్టంగా తెలుసు. నూకరత్నం గొంతు దగ్గర నరం ఎగిసెగిసి పడుతోంది. ఆ ఇంట్లో పట్టీ లేదు, దీపం లేదు. అయినా హైమకి ఎరుపు కనిపిస్తూనే ఉంది.

"అబద్ధం కాదండి" అంది. అంత కఠినంగా ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. నూకరత్నం నోటి నుంచి సన్నగా ఒక మూలుగు వచ్చింది. లిఫ్ట్‌లో అమ్మ అలాగే మూలిగింది కాబోలు. హైమ చేయి చాచి ఆమె చేయి పట్టుకుంది. "కానీ భయపడకండి" అంది.

ఆ రెండో మాట ఆమె అనాలనుకోలేదు. అదే వచ్చేసింది. నూకరత్నం కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలింది. మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. తవిటినాయుడు సన్యాసిరావుని గుమ్మం దాకా నెట్టి తలుపు వేశాడు. హైమ ఆ తర్వాత ఎన్ని చెప్పిందో, ఎంత బతిమాలిందో! పాప మనసు మంచిది, ఆ తప్పినోడి మాటలకి బెదిరిపోయింది అనుకుని వాళ్ళిద్దరే ఆమెని ఓదార్చి, ఆవకాయ కట్టిచ్చి బస్సెక్కించారు.

పరీక్ష నెల దాటిపోయింది. ఎవరూ రాలేదు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు కూడా, హైమ ఉద్యోగం పదిలంగా ఉంది.

ఆడపిల్ల పుట్టింది. తవుటికి అమ్మారు, కొనుక్కున్నారు, తవిటమ్మ అని పేరు పెట్టారు. పిల్ల నవ్వింది, మెడ నిలిపింది, బోర్లా పడింది. తవిటినాయుడు కేంద్రానికి మిఠాయి పంపించాడు. నాలుగింట మూడు వంతులు మంచే కదా అని హైమ రోజూ లెక్క వేసుకుంది. మొక్కని దేవుడు లేడు. ఎండలు ముదిరేసరికి ఆ పిల్ల ఒక్కొక్కటీ మర్చిపోవడం మొదలుపెట్టింది.

చదువరి చదివేసింది. రెండు ప్రతుల్లోనూ అదే చోట అదే తప్పు. ఆ దంపతులని మొదట వేరే నివేదకుడి గదికి పంపించారు. వాళ్ళు వెళ్ళనన్నారు. మెడల్ పాప చెబితేనే వింటామని వరండాలో కూర్చున్నారు. ఈ ఒక్కటీ నా వల్ల కాదని హైమ పై అధికారి కాళ్ళావేళ్ళా పడింది. ఎవరి నోట వినాలో ఎంచుకునే హక్కు వినేవాళ్ళకి ఉందని ఆయన చట్టం తీసి చూపించాడు.

చివరికి హైమ వాళ్ళ ఎదుట కూర్చుంది. పట్టీలు కట్టారు. సన్యాసిరావు మాటలనే మనసులో పెట్టుకుని, ఈసారి ఒక్క మెత్తని మాట కూడా రాకూడదని ఒట్టు పెట్టుకుంది. "నువ్వు సెప్పు పాపా, ఏదైనా నువ్వు సెప్తే తట్టుకుంటాం" అన్నాడు తవిటినాయుడు. హైమ చెప్పింది. జబ్బు పేరు చెప్పింది, మందు లేదని చెప్పింది, పిల్ల ఉండదని కూడా చెప్పింది. ఏ మాటా వదల్లేదు. మాటలన్నీ తను అనుకున్నవే, గొంతే తన చేతుల్లో లేదు. వాళ్ళు బుద్ధిగా తల ఊపుతూ విన్నారు. ఎక్కడా పసుపు కూడా రాలేదు.

అంతా అయ్యాక నూకరత్నం పిల్లని భుజాన వేసుకుంది. పిల్ల తల పక్కకి వాలిపోతే అరచేత్తో ఎత్తి పట్టుకుంది.

"అయితే పాపా, మెడ మళ్ళీ ఎప్పటికి నిలుస్తాది దీనికి?" అని అడిగింది.

హైమకి దుఃఖం ఆగలేదు. బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. నూకరత్నం కంగారుపడి పిల్లని మొగుడికిచ్చి, కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది.

"ఊరుకో పాపా, ఊరుకో. బయపడొద్దని నువ్వే కదేటి సెప్పినావు" అంది.